వ్రాసి యుంచిన కానుక

క్రిస్మస్ దినములలో మన పట్టణముల చర్చీలలో గాయక బృందమువారు హల్లెలూయ కోరస్ పాడగా మీలో అనేకులు వినియుందురు. ఆ పాట ఆరంభము కాగానే సభ అంతయు లేచి నిలుచును. దూరపు పల్లెనుండి వచ్చిన ముసలివారు సహితము చేతికర్ర ఊని లేచెదరు. జార్జి ఫ్రెడరిక్ హాండెల్ అను విద్వాంసుడు కూర్చిన "మెస్సీయ" అను గొప్ప సంగీత కృతిలోనిది ఆ పాట. పాట మనకు తెలిసినదే. అయితే అది దిక్కులేని పసిబిడ్డలకు అనేక సంవత్సరములు అన్నవస్త్రములు సంపాదించి పెట్టెనని మనలో ఎందరికి తెలియును? దానిని కూర్చినవాడు తన వీలునామాలో దాని ప్రతిని ఆ బిడ్డల ఆశ్రయమునకు వ్రాసి యిచ్చెనని ఎందరు వినియుందురు? ఆ చరిత్రను ఈ మాసము ప్రియ చదువరుల యెదుట ఉంచగోరుచున్నాను.

మొదట ఒక ఓడ కెప్టెనునుగూర్చి చెప్పవలెను. అతని పేరు థామస్ కోరమ్. బాల్యముననే సముద్రము మీదికి వెళ్లి, అమెరికా తీరమున ఓడలు కట్టించి, చాలకాలమునకు లండను చేరెను. పనిమీద తెల్లవారుజామున నగరములోనికి వచ్చుచు, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట తిరిగి వెళ్లుచు, దారి ప్రక్కన పారవేయబడిన పసికందులను చూచుచుండెను. కొందరు ప్రాణముతో నుండిరి, కొందరు చనిపోయి యుండిరి. కోరమ్‌కు సంతానము లేదు. అయినను ఆ బిడ్డలను చూచి ఊరకుండలేకపోయెను. వారికొక ఇల్లు కట్టవలెనని 17 సంవత్సరములు గొప్పవారి గుమ్మములచుట్టు తిరిగెను. అట్టి బిడ్డలను చేరదీసినయెడల పాపమునకు ప్రోత్సాహము కలుగునని అనేకులు మొగము త్రిప్పుకొనిరి. తుదకు 21 మంది గొప్పింటి స్త్రీలు అతని విన్నపముపై సంతకము చేసిరి. 1739 అక్టోబరు 17న రెండవ జార్జి రాజు అనుమతి పత్రము దయచేసెను.

ఆ ఇంటి పేరు ఫౌండ్లింగ్ హాస్పిటల్. ఫౌండ్లింగ్ అనగా ఎవరో విడిచిపెట్టగా దొరకిన బిడ్డ. హాస్పిటల్ అను మాట ఆ కాలములో రోగుల వైద్యశాలకు మాత్రమే గాక, దిక్కులేనివారి ఆశ్రయమునకును చెల్లుచుండెను. 1741 మార్చి 25 రాత్రి తలుపు తెరచి 30 మంది బిడ్డలను చేర్చుకొనగా స్థలము నిండిపోయెను. తక్కిన తల్లులు బిడ్డలను ఎత్తుకొని చీకటిలో ఏడ్చుచు వెళ్లిపోయిరి. తరువాత చీట్లు వేసినట్లు ఒక పద్ధతి పెట్టిరి. తల్లి సంచిలో చేయి పెట్టి ఒక బంతి తీయవలెను. తెల్ల బంతి వచ్చిన తల్లి బిడ్డను, రోగము లేనియెడల, చేర్చుకొందురు. ఎఱ్ఱ బంతి వచ్చినది కనిపెట్టుకొని యుండవలెను. నల్ల బంతి వచ్చినది బిడ్డతో వెళ్లిపోవలెను. బిడ్డను అప్పగించిన తల్లి ఒక గుడ్డ ముక్కనో, సగము విరిచిన నాణెమునో గురుతుగా విడిచిపోవుచుండెను. ఏనాటికైనను తిరిగి వచ్చి బిడ్డను అడుగవచ్చునని ఆమె ఆశ. అట్లు తిరిగి రాగలిగినవారు బహు కొద్దిమంది.

ఇక హాండెల్ సంగతి. ఇతడు 1685లో జర్మనీలోని హాలె పట్టణములో జన్మించి, లండనులో స్థిరపడి, రాజుల కొలువులో పేరు పొందినవాడు. పెండ్లి చేసికొనలేదు. 1737లో పక్షవాతము తగిలి కుడిచేయి కొంతకాలము పని చేయలేదు. నాటక సంగీతములో నష్టములు వచ్చెను. అట్టి దినములు గడచిన పిమ్మట, 1741 ఆగస్టు 22న మొదలుపెట్టి 24 దినములలో మెస్సీయను వ్రాసి ముగించెను.

అది మొట్టమొదట వినబడినది 1742 ఏప్రిల్ 13న ఐర్లండులోని డబ్లిన్ నగరములో. ఆనాడు వచ్చిన సొమ్ము అప్పుల నిమిత్తము చెరలో నున్నవారికిని, రెండు ధర్మ వైద్యశాలలకును పంచియిచ్చిరి. ఆ సొమ్ముతో 142 మంది ఖైదీలు విడుదల పొందిరి. చెరలోనున్నవారికి విడుదల ప్రకటింప వచ్చిన ప్రభువునుగూర్చిన పాట, పాడిన మొదటి దినముననే చెర తలుపులు తెరచుట ఎంత తగిన సంగతి! అయితే 1743లో లండనులో పాడినప్పుడు జనులు దానిని అంతగా ఆదరింపలేదు. పరిశుద్ధ వాక్యములను నాటకశాలలో పాడుట తగదని కొందరు తప్పు పట్టిరి.

1749లో ఫౌండ్లింగ్ హాస్పిటల్‌వారి ప్రార్థనాలయము సగము కట్టి ఆగియుండెను. హాండెల్ తనంతట తానే వారియొద్దకు వెళ్లి, దానిని ముగించుటకు ఒక కచేరి చేసెదననెను. ఆ సంవత్సరము మే 27న కచేరి జరిగెను. దానికొరకు నలువది యొకటవ కీర్తనలోని మాటలతో ఆరంభమగు ఒక గీతమును కూర్చెను. బీదలను తలంచువాడు ధన్యుడని ఆ కీర్తన చెప్పుచున్నది గదా. ఆ గీతము చివర హల్లెలూయ కోరస్ చేర్చెను. మరుసటి యేడు ఆలయమునకు ఆర్గన్‌ను కానుకగా నిచ్చి, 1750 మే 1న మెస్సీయను పాడించెను. ఉన్న స్థలముకంటె ఎక్కువమంది వచ్చి, అనేకులు గుమ్మమునుండియే తిరిగి పోవలసివచ్చెను. వారి కొరకు మే 15న మరల పాడించెను. హాస్పిటల్‌వారు ఆయనను పాలక సభ్యునిగా నెన్నుకొనిరి.

అది మొదలుకొని ఏటేట ఆ బిడ్డల ఆలయములో మెస్సీయ వినబడెను. హాండెల్ కూలి పుచ్చుకొనలేదు. 1751 మొదలుకొని ఆయన చూపు తగ్గుచు వచ్చి, కొద్ది కాలములో కన్నులు కనబడకుండ పోయెను. అయినను జ్ఞాపకమునుండియే ఆర్గన్ వాయించుచుండెను. ఒకటి గమనించుడి. లండను ప్రజలు ముందు త్రోసివేసిన ఆ సంగీతమును, ఆ బిడ్డల నిమిత్తము ఉచితముగా నిచ్చిన తరువాతనే హృదయపూర్వకముగా ప్రేమించిరి. నాటకశాలలో దొరకని ఆదరణ అనాథల ప్రార్థనాలయములో దొరకెను. ఇచ్చినవానికి కొలత నిండ కుదిలించి యియ్యబడునను మన ప్రభువు మాట ఇచ్చట కన్నులార చూచుచున్నాము.

ఇప్పుడు ఈ చరిత్రలో ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాను. 1754 ప్రాంతమున హాస్పిటల్ పాలకులకు ఒక ఆలోచన పుట్టెను. మెస్సీయను పాడించు హక్కు, హాండెల్‌కును తమకును తప్ప మరి యెవరికిని లేకుండునట్లు పార్లమెంటువారిచేత చట్టము చేయింపవలెనని తలంచి, విన్నపము సిద్ధము చేసిరి. వారి ఉద్దేశము చెడ్డది కాదు. బిడ్డలకు భద్రత కావలెననియే వారి తలంపు. అయితే హాండెల్ దానికి ఒప్పుకొనలేదు. ఆయన ఇష్టపడకపోగా విన్నపము ఆగిపోయెను.

ఒక మనుష్యుడు సంవత్సరము వెంబడి సంవత్సరము మనస్ఫూర్తిగా ఇచ్చుచుండగా, ఆయన చేతిలోనిదానిని చట్టముచేత కట్టివేయజూచుట ఎట్టిది? పాలు పిదికి యిచ్చు ఇంటివారి ఆవును, పాలు తప్పిపోవునేమో యని భయపడి, మన కొట్టములో కట్టివేయుట వంటిది. సణుగుకొనకయు బలవంతము లేకయు, హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెనని పౌలు అపొస్తలుడు కొరింథీ సంఘమునకు వ్రాసిన రెండవ పత్రికలో బోధించుచున్నాడు. బలవంతముచేత వచ్చినది పన్ను అగును గాని కానుక కాదు.

ఆ మాటతో హాండెల్ మనస్సు విరిగి, ఆ బిడ్డలను విడిచిపెట్టి యుండవచ్చును. మన సంఘములలో ఇంతకంటె చిన్న మాటకే కానుకలు మానుకొనినవారిని మనము ఎరుగుదుము. ఒక లెక్క అడిగినందుకో, ఒక కుర్చీ వేయనందుకో, సంవత్సరములు ఆలయపు గడప త్రొక్కనివారు లేరా? హాండెల్ అట్లు చేయలేదు. 1757 ఆగస్టు 4న తన వీలునామాకు అనుబంధము వ్రాయించుచు, మెస్సీయ పూర్తి ప్రతిని, గాయకులకును వాద్యగాండ్రకును కావలసిన భాగములన్నిటితో కూడ, శుభ్రముగా వ్రాయించి ఫౌండ్లింగ్ హాస్పిటల్‌కు ఇయ్యవలెనని ఆజ్ఞాపించెను. మూడేండ్ల క్రిందట అడిగినవారికి కాదన్నవాడు, ఇప్పుడు అడుగకయే యిచ్చెను. ఆ కాగితములు చేతనున్నయెడల, తాను లేని దినమునను వారు మెస్సీయను పాడించుకొనవచ్చునని ఆయన యెరుగును.

ఆ వీలునామాను చూచినయెడల మరియొక సంగతి తెలియును. ఆయన తనవారిని మరచిపోలేదు. ఆస్తిలో శేషమంతయు మేనకోడలికి వ్రాసెను. ఇంటి సేవకులకు ఒక సంవత్సరపు జీతము ఉంచెను. చనిపోవుటకు మూడు దినములు ముందు, 1759 ఏప్రిల్ 11న చివరి అనుబంధము వ్రాయించి, వృద్ధులై చితికిపోయిన సంగీత విద్వాంసుల సహాయ నిధికి 1,000 పౌనులు ఇచ్చెను. ఆ నిధిని 1738లో స్థాపించినవారిలో ఆయనయు ఒకడు. ఏప్రిల్ 6న మెస్సీయను కడసారి వినెను. ఏప్రిల్ 14న, మంచి శుక్రవారము మరునాడు, కన్ను మూసెను.

ఆయన వెళ్లిపోయెను గాని కానుక నిలిచెను. ఆయన శిష్యుడైన స్మిత్, అటు తరువాత అంధుడైన స్టాన్లీ అను విద్వాంసుడు, 1777వరకు ఆ ఆలయములో మెస్సీయను నడిపించిరి. ఆ కచేరీలన్నిటివలన బిడ్డలకు చేరినది సుమారు 7,000 పౌనులు. ఆయన వ్రాసి యిచ్చిన ఆ ప్రతి నేటికిని లండనులోని ఫౌండ్లింగ్ మ్యూజియములో భద్రముగా నున్నది.

సత్యము చెప్పునప్పుడు అంతయు చెప్పవలెను. ఆ సొమ్ము బిడ్డలనందరిని బ్రదికింపలేదు. 1756 మొదలు 1760 వరకు, వచ్చిన ప్రతి బిడ్డను చేర్చుకొనవలెనను షరతుతో పార్లమెంటువారు ధనమిచ్చిరి. ఆ నాలుగేండ్లలో దాదాపు 15,000 మంది శిశువులు వచ్చిపడిరి. చాలినంతమంది దాదులు లేక, రోగములు ప్రబలి, వారిలో అధిక భాగము మరణించిరి. హాండెల్ సహితము నిష్కళంకుడు కాడు. ఆఫ్రికా జనులను బానిసలుగా కొని అమ్మిన కంపెనీలలో ఆయనకు వాటాలుండినట్లు ఆనాటి లెక్కల పుస్తకములు చూపుచున్నవి. కానుక ఇచ్చినవాని పాపమును కానుక కప్పదు. దానికి కావలసినది వేరొక రక్తము. అయితే పాపియైన మనుష్యుని చేతినుండియు దేవుడు బిడ్డలకు రొట్టె పంపగలడని మాత్రము నేర్చుకొందము.

ఆ ఫౌండ్లింగ్ హాస్పిటల్ సమీపముననే, గ్రేట్ ఆర్మండ్ వీధిలో, 1852 ఫిబ్రవరి 14న డాక్టరు చార్లెస్ వెస్ట్ అను వైద్యుడు 10 పడకలతో రోగులైన పిల్లల ఆసుపత్రిని తెరచెను. కాలక్రమమున అది లోకప్రసిద్ధి పొందెను. 1929లో క్రొత్త కట్టడమునకు స్థలము కొనవలసివచ్చి, ఆ పని చూచు కమిటీలో కూర్చుండుమని జేమ్స్ బారీ అను రచయితను అడిగిరి. ఆయన స్కాట్లండు దేశస్థుడు. ఆయన ఆరేండ్ల బాలుడై యున్నప్పుడు, పదమూడేండ్ల అన్న మంచుమీద ఆడుచు పడి చనిపోయెను. తల్లి ఆ దుఃఖమునుండి తేరుకొనలేదు. ఎన్నటికి పెద్దవాడు కాని బాలుని కథయైన "పీటర్ పాన్" బారీ వ్రాసినదే. అది 1904లో మొదట నాటకముగా ప్రదర్శింపబడెను.

బారీ కమిటీలో కూర్చుండుటకు ఒప్పుకొనలేదు, గాని సహాయము చేయుటకు వేరొక మార్గము చూచెదననెను. రెండు నెలలలో పీటర్ పాన్‌మీద తనకున్న హక్కులన్నియు ఆ పిల్లల ఆసుపత్రికి ఇచ్చివేసెను. 1937లో మరణించినప్పుడు ఆయన వీలునామా ఆ దానమును స్థిరపరచెను. దానివలన ఎంత సొమ్ము వచ్చినదో బయటపెట్టవద్దని ఆయన కోరగా, ఆసుపత్రివారు ఆ మాటను మన్నించుచు వచ్చిరి. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియనియ్యకుము అను ప్రభువు ఉపదేశము ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చును.

చట్టము ప్రకారము ఆ హక్కు 1987 అంతమున తీరిపోవలసి యుండెను. అప్పుడు మాజీ ప్రధానమంత్రియైన జేమ్స్ కల్లహాన్ ప్రభువుల సభలో ఒక సవరణ తెచ్చెను. ఆ సవరణవలన 1988వ సంవత్సరపు చట్టములో, బ్రిటనులో పీటర్ పాన్ రాయల్టీ సొమ్ము ఆ ఆసుపత్రికి ఎల్లకాలము చెందునట్లు వ్రాయబడెను. చదువరులారా, దీనిని 1754నాటి సంగతితో కలిపి చూడుడి. అప్పుడు దాత ఇష్టము తెలిసికొనక ముందే చట్టము తేగోరిరి. అది సాగలేదు. ఇప్పుడు దాత మొదట ఇష్టముతో ఇచ్చెను, చట్టము అతని వెనుక నడచి అతని కానుకకు కావలి కాచెను. ముందు హృదయము, తరువాత కాగితము. ఈ క్రమము తప్పకూడదు.

అయితే హృదయము మాత్రముండి కాగితము లేకపోయిన ఏమగును? ఈ తప్పు మన పల్లెలలో ఎక్కువ. ఒక పెద్దాయన జీవితమంతయు సంఘములో ఉచితముగా సేవ చేయును. ఆలయము ఊడ్చును, గంట కొట్టును, రోగిని బండిమీద ఎక్కించుకొని ఆసుపత్రికి తీసికొనిపోవును. "నా తరువాత ఆ అరయెకరము ఆసుపత్రికే" అని పదిమందిలో చెప్పును. వ్రాత మాత్రము ఉండదు. ఆయన పోయిన నలువది దినములకు కుమారులు గట్టుమీద కొట్టుకొందురు. ఆసుపత్రికి అరయెకరము రాదు, అన్నదమ్ములకు సమాధానము ఉండదు. మంచి తలంపు, వ్రాయనందున, కలహమునకు విత్తనమగును.

మన దేశములో ఈ విషయమున క్రైస్తవులకు ఒక ప్రత్యేకమైన అడ్డు చాలకాలముండెను. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టములోని 118వ సెక్షను ప్రకారము, దగ్గర బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యమునకు గాని దేవుని పనికి గాని వీలునామా ద్వారా ఆస్తి ఇయ్యవలెననిన, దానిని మరణమునకు కనీసము 12 నెలలు ముందు వ్రాసి, 6 నెలలలో చట్టము చెప్పిన చోట భద్రపరచవలసి యుండెను. ఇది సమానత్వమునకు విరోధమని 2003 జూలైలో సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేసెను. ఇప్పుడు ఆ అడ్డు లేదు. వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిష్టరు చేయించుట మంచిదే గాని తప్పనిసరి కాదు. వ్రాయువాడు సంతకమో వ్రేలిముద్రయో వేయగా, కన్నులార చూచిన ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. ఆ వీలునామావలన ఏదైన పొందువాడు గాని, వాని భార్య గాని, లేక పొందునది స్త్రీయైన ఆమె భర్త గాని సాక్షిగా నుండకూడదు. ఉన్నయెడల వారికి వ్రాసినది చెల్లదు.

"హాండెల్‌కు మెస్సీయ ఉండెను, బారీకి పీటర్ పాన్ ఉండెను, మాకేమున్నది?" అని మీరడుగవచ్చును. మన తల్లులు అన్నము వండకముందు పిడికెడు బియ్యము తీసి కుండలో వేయుచుండిరి. ఆదివారము ఆ బియ్యము ఆలయమునకు వచ్చుచుండెను. అది అన్నము మిగిలిన తరువాత ఇచ్చినది కాదు, ఎసటిలో పోయకముందే వేరుపరచినది. ముందుగా నిర్ణయించిన కానుక యనిన అదియే. హాండెల్ వ్రాసినదానికిని ఆ తల్లుల పిడికిలికిని నడుమ కొలతలోనే భేదము, గుణములో లేదు. ఒక కొబ్బరిచెట్టు కాపు గాని, ఒక గేదె దూడ గాని, కుట్టుమిషను గాని, మీ చేతిలో ఉన్నది ఏదో అదియే మీ మెస్సీయ.

కావున ఈ మాసము ఒక సాయంకాలము, దీపము వెలిగించి ప్రార్థన చేసికొనిన తరువాత, భార్యను బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొనుడి. ఇంటివారికి కావలసినది మొదట వ్రాయుడి. తనవారిని సంరక్షింపనివాడు విశ్వాసత్యాగము చేసినవాడని వాక్యము చెప్పుచున్నది. తరువాత రోగియైన ఏదో ఒక బిడ్డ నిమిత్తము, మీ కన్నులు చూడని ఒక తల్లి ఓదార్పు నిమిత్తము, ఒక పంక్తి చేర్చుడి. బిడ్డలకు ఆ పంక్తి చదివి వినిపించుడి. వారును ఆమేన్ అన్నయెడల, మీరు పోయిన పిమ్మట గట్టుమీద కలహముండదు. ఏదో ఒక ఆసుపత్రిలో మీ యెవ్వరికిని తెలియని ఒక బిడ్డ లేచి కూర్చుండి పాలు త్రాగును.